చుక్కకూ చోటు కావాలి: ఆర్మేనియన్ విరామ చిహ్నాలు మనకు చెప్పే పాఠం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం జరిపిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. బీఈడీ చేసి, కొన్నేళ్లు పాఠాలు చెప్పి, తర్వాత వార్డెన్‌గా వచ్చినదాన్ని. బియ్యం లెక్క, నూనె లెక్క, రాత్రిపూట ఏ పిల్లకు జ్వరం వచ్చిందన్న లెక్క, ఇదీ నా రోజువారీ పని. అలాంటి నేను ఇవాళ ఆర్మేనియన్ భాషలో చుక్కలు, గీతలు కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కాయో చెప్తానంటే, "ఈ మేడంకు అక్కడ ఏం పని?" అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా వినండి. ఇది చివరికి మన అవ్వల కథల దగ్గరికే వస్తుంది.

మా హాస్టల్‌లో పిల్లలు గోడ పత్రిక రాస్తారు. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వాళ్ల అవ్వ చెప్పిన కథను గుంజాల గోండి లిపిలో టైపు చేసింది. రెండు ఆదివారాలు కూర్చుని కష్టపడింది. ఆ ఫైలును ఆఫీసు గదిలో వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్క అక్షరం లేదు. అన్నీ ఖాళీ డబ్బాలే. ఆ పిల్ల నా ముఖం చూసి, "మేడం, మా అవ్వ కథ డబ్బాల్లోకి పోయింది" అన్నది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

తెలిసినవాళ్లను అడిగితే ఫాంట్ లేకపోవడమే కారణమన్నారు. ఫాంట్ వేశాం, అక్షరాలు వచ్చాయి. అయినా నాకు నిద్ర పట్టలేదు. అసలు అక్షరం కంప్యూటర్‌లో ఎక్కడ ఉంటుంది? డబ్బా ఎప్పుడు వస్తుంది, అక్షరం ఎప్పుడు వస్తుంది? అది తెలుసుకుందామని యూనికోడ్ పట్టికలు తెరిచాను. గుంజాల గోండి యూనికోడ్‌లోకి వచ్చింది 2018లో, 11వ కూర్పులో. అదే కూర్పులో కొత్తగా చేరినవాటి జాబితాలో ఆర్మేనియన్ అక్షరాలు కూడా రెండు కనిపించాయి. "మనతో పాటు అదే బండెక్కిన ఈ పొరుగువాళ్లు ఎవరబ్బా?" అనుకున్నాను. అలా మొదలైంది నా చదువు.

ముందు ఒక్క మాటలో యూనికోడ్ సంగతి. కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. అందుకని ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చారు. మన తెలుగు "అ" సంఖ్య 3077. గుంజాల గోండికి కేటాయించిన వరుస 73056 నుంచి మొదలవుతుంది. ఫోన్ అయినా, కంప్యూటర్ అయినా దాచుకునేది ఆ సంఖ్యనే. తెర మీద బొమ్మ గీసే పని ఫాంట్‌ది. సంఖ్య ఉండి ఫాంట్ లేకపోతే డబ్బా వస్తుంది. సంఖ్యే లేకపోతే ఆ అక్షరానికి కంప్యూటర్‌లో ఊరూ లేదు, పేరూ లేదు. (పట్టికల్లో ఈ సంఖ్యలను పదహారు ఆధారంగా ఉండే లెక్కలో రాస్తారు. మీకు సులువుగా ఉండాలని నేను మామూలు లెక్కలోనే చెప్తున్నాను.)

ఇక ఆర్మేనియన్లు. నల్ల సముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ నడుమ, కొండల మధ్య ఉన్న చిన్న దేశం ఆర్మేనియా. రాజధాని యెరెవాన్. దేశంలో ఉన్నవాళ్లు సుమారు 30 లక్షల మంది. బయటి దేశాల్లో చెదిరి ఉన్నవాళ్లు అంతకంటే ఎక్కువ. వాళ్ల లిపిని సుమారు 405వ సంవత్సరంలో మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి రూపొందించాడు. మొదట 36 అక్షరాలు, మధ్యయుగాల్లో మరో 2 చేరాయి. 1,600 ఏళ్ల తర్వాత కూడా అదే లిపిలో రాస్తున్నారు. యెరెవాన్‌లో పాత చేతిరాత గ్రంథాలను దాచిన పెద్ద భాండాగారానికి ఆయన పేరే పెట్టారు. దాన్ని మాతెనదరాన్ అంటారు.

అక్కడున్న ఒక పుస్తకం గురించి చెప్పాలి. మూష్ అనే ఊరి పేరుతో పిలిచే ఆ ధర్మోపన్యాసాల గ్రంథం సుమారు 28 కిలోలు తూగుతుంది. 1915లో ఆర్మేనియన్లను ఊచకోత కోసిన రోజుల్లో, కూలిపోయిన మఠంలో ఇద్దరు ఆడవాళ్లకు అది దొరికిందని చెప్తారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోతున్న మనుషులు. ఒక్కరు మోయలేనంత బరువు. దాన్ని రెండు భాగాలు చేసి చెరొకటి పట్టుకుపోయారట. తర్వాత ఆ రెండు భాగాలూ మళ్లీ ఒకచోటికి చేరాయి. తిండిగింజల మూట బదులు పుస్తకాన్ని మోసిన జాతి వాళ్లది. అలాంటివాళ్లు ఒక చుక్క గురించి పట్టుబట్టారంటే అర్థం చేసుకోవచ్చు.

వాళ్లు మనకు మరీ పరాయివాళ్లేమీ కాదు. గోల్కొండ కాలంలో వ్యాపారానికి మచిలీపట్నం, హైదరాబాద్ వచ్చారు. హైదరాబాద్ ఉప్పుగూడలో 17వ శతాబ్దం నాటి ఆర్మేనియన్ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక "అజ్దరార్" వెలువడింది కూడా యెరెవాన్‌లో కాదు, 1794లో మన మద్రాసులో. హరుత్యున్ ష్మవోన్యన్ అనే మతగురువు దాన్ని నడిపాడు. సొంత నేలకు అంత దూరంలో ఉండి కూడా సొంత లిపిలో పత్రిక వేసుకున్నారు. అక్షరాలతో పాటు తమ విరామ చిహ్నాలనూ వెంట తెచ్చుకున్నారు.

ఆ చిహ్నాల గురించే ఇప్పుడు చెప్తాను. మనం బడిలో నేర్చుకునే కామా, ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం ఇంగ్లిషు నుంచి వచ్చినవి. ఆర్మేనియన్‌కు సొంత పద్ధతి ఉంది. వాక్యం ముగింపుకు వాళ్లు ఒకదాని మీద ఒకటిగా రెండు చుక్కలు పెడతారు. దాని పేరు వెర్జాకేత్, అంటే చివరి చుక్క. చూడటానికి అచ్చం మన కోలన్ లాగే ఉంటుంది. ఒక్క చుక్క పెడితే అది వాక్యం ముగింపు కాదు, మధ్యలో కాస్త ఎక్కువసేపు ఆగమని చెప్పేది. దాని పేరు మిజాకేత్, నడిమి చుక్క. అంటే మనకు ముగింపైనది వాళ్లకు నడుమ, మనకు నడుమ ఉండేది వాళ్లకు ముగింపు.

అన్నింటికంటే నాకు నచ్చింది వాళ్ల ప్రశ్న గుర్తు. అది వాక్యం చివర రాదు. ఏ మాట గురించి అడుగుతున్నామో ఆ మాట మీదే, ఒత్తి పలికే అచ్చు దగ్గర పెడతారు. ఉదాహరణకు "దు యెరేక్ యెకార్" అంటే "నువ్వు నిన్న వచ్చావు". గుర్తు "యెకార్" మీద పెడితే "నువ్వు నిన్న వచ్చావా?" అని అర్థం. "యెరేక్" మీద పెడితే "నిన్ననా నువ్వు వచ్చింది?" "దు" మీద పెడితే "నువ్వా నిన్న వచ్చింది?" మాటలు అవే, వరుసా అదే. గుర్తు జరిగితే ప్రశ్న మారుతుంది.

ఆలోచించండి. తెలుగులో మనం ఏ మాటను అడుగుతున్నామో ఆ మాటకు "ఆ" తగిలిస్తాం. వచ్చావా, నిన్ననా, నువ్వా. మనం నోటితో చేసే పనిని వాళ్లు చిన్న గుర్తుతో చేస్తున్నారు. ఆ గుర్తు తీసేస్తే అందం పోవడం కాదు, ప్రశ్నే పోతుంది. చివర ఇంగ్లిషు ప్రశ్నార్థకం పెట్టినా దేని గురించి అడిగారో తెలియదు.

ఇలాగే మాట లోపల కూర్చునేవి ఇంకా రెండున్నాయి. ఆజ్ఞాపించేటప్పుడు, ఎవరినైనా పిలిచేటప్పుడు మాటను ఒత్తి పలకమని చెప్పే గుర్తు పేరు షేష్త్. "అరి" అంటే రా అని అర్థం. దాని మీద ఈ గుర్తు పెడతారు. ఆశ్చర్యం, బాధ, సంతోషంతో గొంతు సాగదీసేటప్పుడు ఇంకొకటి పెడతారు. మనం "వామ్మో" అన్నట్టు వాళ్లు "వాయ్" అంటారు. ఆ దీర్ఘం మీద ఈ గుర్తు ఉంటుంది. ఇవి కాక, మాటల మధ్య చిన్న ఆగుడు కోసం "బుత్" అని ఒక గుర్తు ఉంది. ఇప్పుడు చెప్పినదానికి వివరణ రాబోతోందని అది సూచిస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి వద్దాం. యూనికోడ్ వాడుక విస్తరించకముందు ఆర్మేనియన్లు ఆర్మ్‌స్కీ అనే సొంత పద్ధతి పెట్టుకున్నారు. అప్పటి పద్ధతుల్లో మొత్తం 256 గదులే ఉండేవి. మొదటి 128 ఇంగ్లిషువి. మిగతావాటిలో వాళ్లు తమ అక్షరాలు, గుర్తులు సర్దుకున్నారు. కానీ అవే గదుల్లో ఐరోపా భాషలవాళ్లు వేరే అక్షరాలు పెట్టుకున్నారు. అందుకని సరైన ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆర్మేనియన్ ఉత్తరం తెరిస్తే అర్థం కాని యూరప్ అక్షరాల గందరగోళం కనిపించేది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగును మామూలు ఫోన్‌లో తెరిచినవాళ్లకు ఈ బాధ నేను చెప్పనక్కరలేదు.

యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చింది. తెలుగు లాగే ఆర్మేనియన్ కూడా అందులోనే ఉంది. చివరి చుక్కకు 1417, ప్రశ్న గుర్తుకు 1374, ఒత్తు గుర్తుకు 1371, ఆశ్చర్య గుర్తుకు 1372 సంఖ్యలు వచ్చాయి. కామా మాత్రం వాళ్లకూ ఇంగ్లిషుకూ ఒకటే, సంఖ్య 44. అన్నింటికీ సొంత సంఖ్య కావాలని మొండిపట్టు అక్కరలేదు. ఆకారం, పని రెండూ ఒకటే అయితే పంచుకోవచ్చు. ఆకారం ఒకటే అయినా పని వేరైతే వేరే సంఖ్య కావాలి. చివరి చుక్క, కోలన్ ఒకేలా ఉన్నా వాటి పని వేరు. అందుకే ఒకటి 1417, ఇంకొకటి 58.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు వాడుకలో వచ్చింది. కీబోర్డు మీద కోలన్ ఎదురుగా ఉంటుంది, చివరి చుక్క వెతుక్కోవాలి. చూడటానికి రెండూ ఒకటే కదా అని చాలామంది కోలనే కొడతారు. చదివే మనిషికి తేడా తెలియదు. కంప్యూటర్‌కు తెలుసు. 1417 కనిపిస్తే వాక్యం ముగిసిందని దానికి నియమం ఉంది. 58 కనిపిస్తే వాక్యం ఇంకా నడుస్తోందనుకుంటుంది. అలా రాసిన పేజీని వాక్యాలుగా విడగొట్టమంటే తప్పుతుంది. అదే విధంగా ప్రశ్న గుర్తు బదులు డిగ్రీ సున్నా, ఆశ్చర్య గుర్తు బదులు ఇంగ్లిషు అలగీత కొట్టేవాళ్లూ ఉన్నారు. చూపుకు సరిపోయింది, రాతలో పొల్లు చేరింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. సంఘం కోసం మన పెద్దమనుషులు చెప్పిన జ్ఞాపకాలను తెలుగులో టైపు చేసే పని కొంత నేనే చేశాను. కరువు రోజులు, రోగాల రోజులు, పోడు పోయిన రోజులు. తర్వాత "దుఃఖం" అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూద్దామని వెతికితే రెండే చోట్ల దొరికింది. నాకు గుర్తున్నంతవరకు పేజీకొకసారి వస్తుంది. తీరా చూస్తే చాలాచోట్ల నేను విసర్గ బదులు కోలన్ కొట్టి "దు:ఖం" అని రాశాను. విసర్గ సంఖ్య 3075, కోలన్ సంఖ్య 58. కంటికి ఒకటే. కానీ కంప్యూటర్ లెక్కలో మా వాళ్ల దుఃఖం రెండుసార్లే ఉంది. ఆ రాత్రి కూర్చుని ఒక్కొక్కటే సరిచేశాను. ఆర్మేనియన్ల చివరి చుక్క కథ నాకు పుస్తకంలో చదివినట్టు కాక, నా ఇంట్లో జరిగినట్టు అనిపించింది అందుకే.

ప్రశ్న గుర్తు తెచ్చిన చిక్కు ఇంకో రకం. మన తెలుగులో "కి" రాస్తే "క" ఒక సంఖ్య, గుడి ఒక సంఖ్య. తెర మీద రెండూ అతుక్కుని ఒకటే అక్షరంగా కనిపిస్తాయి. ఆర్మేనియన్ ప్రశ్న గుర్తును అలా అతికే గుర్తుగా కాక, తన చోటు తాను తీసుకునే గుర్తుగా పెట్టారు. చేతిరాతలో అచ్చు మీద కనిపించినా, టైపులో అచ్చు తర్వాత వస్తుంది. "ఇంచ్" అంటే ఏమిటి అని అర్థం. ప్రశ్నలో రాస్తే వరుస ఇలా ఉంటుంది: ఇ, ప్రశ్న గుర్తు, న, చ. మాట నడిబొడ్డున గుర్తు కూర్చుంది. గుర్తు లేని "ఇంచ్" కోసం ఉన్నది ఉన్నట్టు వెతికితే ఇది దొరకదు. గుర్తు దగ్గర మాట ముగిసిందని కంప్యూటర్ అనుకుంటే ఒక మాట రెండు ముక్కలవుతుంది. అందుకని మాటల హద్దులు గుర్తించే యూనికోడ్ నియమాల్లో ఈ ప్రశ్న, ఒత్తు, ఆశ్చర్య గుర్తులను అక్షరాలతో సమానంగా చూడమని రాసుకున్నారు. సంఖ్య ఇవ్వడంతో పని అయిపోలేదు. ఆ గుర్తు ఎలా నడుచుకుంటుందో కూడా ఎవరో ఒకరు కూర్చుని చెప్పాల్సి వచ్చింది. ఆ భాష రాసేవాళ్లు తప్ప అది ఇంకెవరికి తెలుస్తుంది?

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన సంగతి. "బుత్" అని చెప్పాను కదా, చిన్న ఆగుడు గుర్తు. యూనికోడ్ పట్టికలో దాని సంఖ్య 1373. దానికి పెట్టిన పేరు "ఆర్మేనియన్ కామా". కానీ ఆర్మేనియన్లు కామాగా వాడేది అది కాదు, 44వ సంఖ్య ఉన్న మామూలు కామా. దాన్ని వాళ్లు స్తోరాకేత్ అంటారు. పేరు తప్పుదోవ పట్టించేలా ఉంది కదా, మార్చవచ్చు కదా అంటారా? మార్చరు. యూనికోడ్‌లో ఒకసారి చేరిన గుర్తును తీసేయరు, వేరే సంఖ్యకు జరపరు, పేరు మార్చరు. ఆ కట్టుబాటు మంచికే. పొద్దున లేచేసరికి సంఖ్యలు మారిపోతే ప్రపంచంలోని ఫైళ్లన్నీ పాడవుతాయి. కానీ దాని వల్ల మొదట జరిగిన పొరపాటు శాశ్వతంగా ఉండిపోతుంది. పట్టికలో ఆ పేరు కింద చిన్న అక్షరాలతో "బుత్" అని అసలు పేరు రాసి ఉంది. పెద్ద అక్షరాల్లో పెట్టిన పేరు మాత్రం అలాగే ఉంది.

మన ఊళ్లకు, వాగులకు, మన పిల్లలకు బడి రిజిస్టర్లలో బయటివాళ్లు తమకు వచ్చినట్టు పేర్లు రాసుకుపోయిన సంగతి మనకు తెలుసు. రిజిస్టర్‌లో పడ్డ పేరు సర్టిఫికెట్ దాకా వస్తుంది. మార్పించడానికి కాళ్లరగాలి. ఇది కూడా ఒక రిజిస్టరే. రాసే రోజు మనం అక్కడ ఉండాలి.

ఆర్మేనియన్లు ఆ తర్వాత ఊరుకోలేదు. ఏది మిగిలిపోయిందో చూసుకుంటూ వచ్చారు. మాట విరిచి రాసే వాళ్ల సొంత హైఫన్ 1999లో చేరింది. సంఖ్య 1418. వాళ్ల డబ్బు ద్రామ్. దాని గుర్తు 2012లో వచ్చింది. గుండ్రంగా తిరిగే రేకుల ఆకారంలో ఉండే "అనంతత్వ చిహ్నం" వాళ్ల రాతి కట్టడాల మీద పూర్వం నుంచి ఉంది. ఆర్మ్‌స్కీలో ఉన్న ఆ చిహ్నం యూనికోడ్‌లోకి 2014లో గాని రాలేదు. అంటే మొదటి కూర్పు తర్వాత 23 ఏళ్లు. నడిమి చుక్కకు ఇప్పటికీ ప్రత్యేక సంఖ్య లేదు. 8228వ సంఖ్య ఉన్న ఒంటి చుక్కను దీనికీ వాడతారని పట్టికలో ఒక చిన్న మాట రాసి ఉంది, అంతే. సొంత దేశం, ప్రభుత్వం, 1,600 ఏళ్ల రాత ఉన్న జాతికే ఇంత కాలం పట్టింది.

మన వైపు చూద్దాం. ద్రామ్ గుర్తు వచ్చిన 2012 కూర్పులోనే మన శ్రీకాకుళం వైపు, ఒడిశాలో ఉండే సవర సోదరుల సొరంగ్ సొంపెంగ్ లిపి చేరింది. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన లిపి అది. సంతాలీల ఓల్ చికి 2008లో వచ్చింది. పండిత రఘునాథ్ ముర్ము 1925లో చేసిన ఆ లిపికి వాక్యం ముగించే సొంత గుర్తు ఉంది. దాన్ని ముచాద్ అంటారు. దానికి, జంట ముచాద్‌కు రెండు ప్రత్యేక సంఖ్యలు తెచ్చుకున్నారు. మసారం గోండి 2017లో, మన గుంజాల గోండి 2018లో వచ్చాయి. నార్నూర్ మండలం గుంజాలలో ఇళ్లల్లో దాచిన చేతిరాత ప్రతులు లేకపోతే ఈ రోజు ఆ వరుస ఉండేది కాదు. ఆ కాగితాలను పారేయకుండా దాచిన మన పెద్దలకు చేతులెత్తి దండం పెట్టాలి.

మన గోండికి వాక్యం చివర పెట్టే నిలువు గీత, దండ, ప్రత్యేకంగా ఇవ్వలేదు. 2404వ సంఖ్య ఉన్న దండనే దేవనాగరి, తెలుగు, బెంగాలీ, రెండు గోండి లిపులు, ఇంకా చాలా లిపులు పంచుకుంటాయి. దాని పేరు పట్టికలో "దేవనాగరి దండ" అని ఉంటుంది. పేరు చూసి చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఆకారం, పని ఒకటే కాబట్టి ఒకే బావి నీళ్లు తాగుతున్నాం. కానీ ఒక జాగ్రత్త ఉంది. మా పిల్ల రాసిన అవ్వ కథలో వాక్యం చివర ఉన్నది ఆ దండ కాదు. ఇంగ్లిషు కీబోర్డు మీద ఉండే నిలువు గీత, సంఖ్య 124. ఫాంట్ వేశాక అక్షరాలన్నీ వచ్చాయి, వాక్యాలు మాత్రం కంప్యూటర్‌కు ముగియలేదు. ఆర్మేనియన్ల కోలన్ తప్పే మా హాస్టల్‌లోనూ జరిగింది. ఆ పిల్లను నేను కోప్పడలేదు. నా "దు:ఖం" చూపించాను. ఇద్దరం నవ్వుకుని ఇద్దరం దిద్దుకున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, లిపికి సంఖ్య రావడం సగం పనే. మిగతా సగం మన వేళ్ల కొసల్లో ఉంది. ఆ సగం ఎవరూ వచ్చి చేసిపెట్టరు. అందుకని మీతో నాలుగు పనులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, టైపు చేసేదేదైనా యూనికోడ్‌లోనే చేయండి. గోండి ఫాంట్ ఫోన్‌లో లేకపోతే నోటో ఫాంట్లలో గుంజాల గోండికీ మసారం గోండికీ ఉచితంగా ఉన్నాయి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు 65,535 దాటిన సంఖ్యలను సరిగా పట్టుకోలేవు. మన గోండి వరుస ఆ హద్దు దాటి ఉంది. డబ్బాలు కనిపించగానే ఫైలు పాడైందని చెరిపేయకండి. వేరే చోట తెరిచి చూడండి. లోపల సంఖ్యలు భద్రంగానే ఉండవచ్చు.

రెండోది, పోలి ఉన్నదాన్ని పెట్టి సరిపెట్టుకోకండి. విసర్గకు విసర్గే, దండకు దండే. సున్నా బదులు ఇంగ్లిషు "ఓ" కొట్టకండి. ఒక్కసారి వెతికి కీబోర్డులో ఎక్కడుందో తెలుసుకుంటే జన్మంతా పనికొస్తుంది.

మూడోది, పాత చేతిరాత ప్రతి ఎవరి ఇంట్లో ఉన్నా, పెద్దల అనుమతితో ప్రతి పేజీనీ వరుస తప్పకుండా ఫొటో తీయండి. అక్షరాలే కాదు, చుక్క ఎక్కడ పెట్టారు, గీత ఎక్కడ గీశారు, కథ ముగిసినచోట ఏ గుర్తు వేశారు, అన్నీ రాసిపెట్టండి. మనకు అలవాటైనది కనుక మనకు చిన్నదిగా కనిపించవచ్చు. రేపు ఒక గుర్తు చేర్చాలని అడిగితే మొదట అడిగే ప్రశ్న "ఎక్కడ వాడారు, చూపించండి" అనే. ఆ జవాబు మన పెట్టెల్లోనే ఉంది.

నాలుగోది, యూనికోడ్‌కు ప్రతిపాదన ఎవరైనా పంపవచ్చు. పంపిన కాగితాలు అందరూ చూడటానికి పెడతారు. మన లిపుల మీద వచ్చినవి చదవండి. మీకు ఇంగ్లిషు, కంప్యూటర్ వచ్చు. పెద్దలకు భాష, రాత వచ్చు. ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. పేరు పెట్టే రోజున మనలో ఒకరు అక్కడ ఉంటే "అది కామా కాదండీ, మేం దాన్ని బుత్ అంటాం" అని సమయానికి చెప్పగలరు.

ఆ ఇద్దరు ఆడవాళ్లు 28 కిలోల పుస్తకాన్ని చెరిసగం మోశారు. మన మీద అంత బరువు లేదు. సరైన మీట వెతుక్కుని ఒక చుక్క సరిగ్గా పెడితే చాలు, మన వంతు మోసినట్టే.

మా పిల్ల రాసిన అవ్వ కథ ఇప్పుడు ఏ కంప్యూటర్‌లో తెరిచినా వస్తోంది. ఆ అవ్వకు చదువు రాదు. పిల్ల చదివి వినిపిస్తుంటే, ప్రతి వాక్యం చివర దండ దగ్గర ఆగినప్పుడల్లా, ఆమె తల ఊపింది. తను కథ చెప్పినప్పుడు ఊపిరి తీసుకున్నది సరిగ్గా అక్కడేనట.